గోళ్లు తీయకూడని రోజులు

బడిలో చేరిన రోజు హెడ్మాస్టరు గారు నా చేతిలో రెండు వస్తువులు పెట్టారు. ఒకటి ఉద్యోగం కాగితం, రెండోది నెయిల్ కట్టర్. కాగితం మీద ‘లెర్నింగ్ సపోర్ట్ అసిస్టెంట్’ అని తెలుగు అక్షరాల్లోనే రాసి ఉంది. నేను చదివింది మూడో తరగతి వరకు. నా చదువు కంటే నా ఉద్యోగం పేరే పొడుగు. పిల్లలు ఆయమ్మా అన్నారు, నేను పలికాను, అంతటితో ఆ పేరుతో పని తీరిపోయింది. కాగితాన్ని మాత్రం నాలుగు మడతలు పెట్టి బియ్యం డబ్బా కింద దాచాను. వెనకవైపు ఖాళీగా ఉంది, ఎప్పుడైనా పనికొస్తుంది.

నెయిల్ కట్టర్ ఎందుకో వారానికి గానీ తెలియలేదు.

మా బడి భద్రాచలం పోయే రోడ్డు పక్కన ఉంటుంది. ముందు మిరప తోటలు, వెనక అడవి. పర్ణశాల పోయే యాత్రికులు జీపులు ఆపుకుని మా బోరింగు దగ్గర నీళ్లు పట్టుకుంటారు. బడిలో చివరి గది ప్రత్యేకమైన పిల్లలది. చదువు రాని పిల్లలు కారు వాళ్లు. మనసులో ఏదో గొడవ ఉండి తరగతిలో కుదురుగా కూర్చోలేని వాళ్లు. ఒకడికి గంట మోగితే ఏడుపు. ఒకతెకు తలుపు వేస్తే ఏడుపు, ఇంకొకడికి తలుపు తీస్తే ఏడుపు. ఆ ఇద్దరినీ ఒకే గదిలో పెట్టారు గనుక మా తలుపు ఏడాది పొడుగునా సగమే తెరిచి ఉండేది. వాళ్లకు పాఠం చెప్పే స్పెషల్ టీచరు వారానికి మూడు రోజులు టౌను నుంచి బస్సులో వచ్చేది. గాజుల దుకాణం నడిపే ముస్లిముల ఇంటి పిల్ల, పాతికేళ్లు ఉంటాయేమో. మిగతా రోజులు నేనే.

నన్ను ఖమ్మంలో రెండు రోజుల ట్రైనింగుకు కూడా పంపారు. ఈ పిల్లలను కొట్టరాదు, తిట్టరాదు, కళ్లు పెద్దవి చేసి చూడరాదు అని చెప్పారు. నేను లేచి నిలబడి, "మరి పని ఎట్ల జెయ్యాలె?" అని అడిగాను. హాలంతా ఘొల్లున నవ్వింది. నేను నవ్వులాటకు అడగలేదు.

వచ్చేటప్పుడు ఒక సంచి నిండా సామాను ఇచ్చారు. పిసికితే మెత్తగా నొక్కుకుపోయే రబ్బరు బంతులు, నవ్వు మొహం, ఏడుపు మొహం, కోపం మొహం అచ్చు వేసిన అట్టలు, చెవులు వేలాడే తెల్లటి బొమ్మ కుందేలు. పిల్లలకు కోపం వచ్చినప్పుడు అవి చేతికి ఇవ్వాలట. కొత్త సామాను కోపంలో ఉన్నవాళ్ల చేతికి ఎవరైనా ఇస్తారా? పాలిథిన్ కవర్లు కూడా విప్పకుండా ట్రంకు పెట్టెలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నాను.

"పెద్దమ్మా, కుందేలేది?" అని టీచరమ్మ అడిగేది.

"భద్రంగ ఉన్నది."

"భద్రంగ ఉండుడు కాదు, పిల్లల చేతుల ఉండాలె."

"కోపంల చెవులు పీకుతరు బిడ్డా. పోతే మళ్ల కావాలంటే ఎక్కడ తెస్తం? కోపం తగ్గినంక ఇస్త."

"కోపం తగ్గినంక దాంతోని పనేముంటది పెద్దమ్మా?"

"అదే నేను గూడ అంటున్న."

టీచరమ్మ నుదురు కొట్టుకుని బోర్డు వైపు తిరిగేది.

ఇక మా గదిలోనే ఉండే ఒక పిల్ల సంగతి. మూడో తరగతి, ఎనిమిదేళ్లు. మాట చాలా తక్కువ. చెప్పవలసింది ఏదైనా ఉంటే గోళ్లతో చెప్పేది. ఎదురుగా వస్తే ఫరవాలేదు కానీ, వెనక నుంచి ఎవరైనా దగ్గరికి వచ్చారా, గిర్రున తిరిగి రక్కేది. మూడో తరగతిలో ఆమె గీతలు లేని చెయ్యి లేదు. నాకంటే ముందు ఈ పనికి కుదిరిన ఇద్దరు ఆడపిల్లల్లో ఒకామె నెలకు, ఇంకొకామె వారానికి మానేశారు. నన్ను తీసుకున్నది చదువు చూసి కాదు, చర్మం ముదిరింది గదా అనేమో.

నేను చేరిన వారానికి హెడ్మాస్టరు గారు ఆ పిల్ల తల్లిని పిలిపించారు. ఆయన సత్తుపల్లి వైపు మనిషి, మర్యాదస్తుడు, ఎవరితోనైనా అండీ అనకుండా మాట్లాడరు. తల్లి మిరపకాయలు ఏరే కూలికి పోతూ దారిలో ఆగింది, తలకు తువ్వాలు అట్లాగే ఉంది.

"చూడండమ్మా, నాకూ బాధగానే ఉంది," అన్నారాయన. "కానీ మిగతా పిల్లల అమ్మానాన్నలు రోజూ వచ్చి నామీద పడుతున్నారు. ఇంకొక్క పిల్లని రక్కిందంటే ఇంటి దగ్గరే ఉంచుకోవాలండీ. టీచరుగారు అప్పుడప్పుడు ఇంటికొచ్చి చెప్తారు."

"ఇంటికాడ ఎవరున్నరు సారూ?" అంది ఆమె. "తోటకు తీస్కపోతే కాలువ దిక్కు ఉరుకుతది. ఇంట్ల పెట్టి పోవాలంటే మంచం కోడుకు కట్టేసి పోవాలె. గదొక్కటి నాతోని చేపియ్యకుండ్రి."

ఎప్పటి నుంచి ఇట్లా ఉందని అడిగాను. గోదావరి పొంగి వాళ్ల ఇల్లు మునిగిన ఏడు, పది రోజులు ఒక హాలులో మందితో కలిసి పడుకున్నారట. ఎవరు ఎవరి మీద పడుతున్నారో తెలియదట. "గప్పటిసంది గిట్లయింది," అని ఆమె తువ్వాలు సర్దుకుని, తోటకు ఆలస్యమవుతుందని వెళ్లిపోయింది.

కట్టేయడం అనే మాట నాకు మింగుడు పడలేదు. మేకను కట్టేసినా మధ్యాహ్నం ఒకసారి విప్పే మనిషిని నేను.

"పెద్దమ్మగారూ," అన్నారు హెడ్మాస్టరు గారు, "ఆ గోళ్లు మీ బాధ్యత. మొదలంటా తీసేయండి. రక్కడానికే ఏమీ లేకపోతే గొడవే లేదు కదా."

"అవ్ సారూ," అన్నాను. ఆయన మాటలో నాకు తప్పేమీ కనబడలేదు.

ఆ మరునాడే బుధవారం, మంచి రోజు. నెయిల్ కట్టర్ తీసుకుని వెళ్లాను. పిల్ల బెంచీ కిందికి దూరింది. ఈ వయసులో నేను నేల మీద బోర్లా పడుకుని బెంచీ కిందికి పాకాను. ట్రైనింగులో చెప్పినట్టు మెత్తగా, "రా బిడ్డా, నొయ్యది బిడ్డా," అన్నాను. నా గొంతు మెత్తగా ఉండటం చూసి గంట పిల్లవాడు భయపడి ఏడ్చాడు. పావుగంట పెనుగులాడి బయటికి వచ్చాను. ఎడమ చేతి మీద నాలుగు గీతలు. కింద మాత్రం ఒక గోరు ముక్క తెగి పడి ఉంది. సంతోషించి తీసి చూసుకుంటే, అది నాదే.

కానీ ఒకటి గమనించాను. బెంచీ కింద గోడకు వీపు ఆనించి కూర్చున్నంతసేపు ఆ పిల్ల మొహంలో ఏ గొడవా లేదు. వెనక గోడ ఉంటే వెనక నుంచి ఎవరూ రారు గదా. ఆ సంగతి టీచరమ్మతో చెబితే, ఆమె నన్ను కొత్తగా చూసి పుస్తకంలో రాసుకుంది. నా మాట పుస్తకంలోకి ఎక్కడం అదే మొదలు.

ఆ రోజుల్లోనే నా తల మీద ఇంకో పని పడింది. భద్రాచలం రామయ్య పెళ్లికి తలంబ్రాలు ఒలిచి పంపే ఆడవాళ్ల గుంపులు మా దిక్కున ఉన్నాయి. ఆ బియ్యం రోట్లో దంచరు, మరకు పట్టరు. ఒక్కొక్క వడ్లగింజనూ గోటితో ఒలుస్తారు. గింజ కొస విరిగినా అది నూక కిందే లెక్క, దేవుడి పెళ్లికి పనికిరాదు. మా వీధిలో వడ్లు పంచినప్పుడు అందరూ దోసెడు, గుప్పెడు తీసుకున్నారు. మా ఎదురింటామె సోలెడు తీసుకుంది. ఆమె సోలెడు తీసుకుంటే నేను ఊరుకుంటానా? సోలన్నర తీసుకున్నాను.

ఇంటికి వచ్చి పళ్లెం ముందు పెట్టుకున్నాక తెలిసింది, నాకు గోళ్లు లేవని. బూడిదతో గిన్నెలు తోమి తోమి అవి ఎప్పుడో అరిగిపోయాయి. ఉన్నవి కూడా తడిసిన అట్టముక్కల మాదిరి వంగుతున్నాయి. పొద్దుటి పూట కూర్చుంటే పది గింజలు, అందులో ఆరు నూకలు. ఈ లెక్కన నా సోలన్నర పైయేడు నవమికి కూడా అందదు. వెనక్కి ఇచ్చేస్తే ఎదురింటామె ఏమంటుందో ఆమె గొంతుతో సహా నాకు వినబడుతోంది. అందుకని వడ్లు టిఫిన్ డబ్బాలో పోసుకుని బడికి తీసుకుపోవడం మొదలుపెట్టాను. బడి వేళలో సొంత పని చేయరాదని తెలుసు. దేవుడి పని సొంత పని ఎట్లా అవుతుందని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను.

ఒక రోజు గదిలో చాప వేసుకుని స్టీలు పళ్లెం ముందు కూర్చున్నాను. టీచరమ్మ రాని రోజు. ఆ పిల్ల ఎప్పటిలాగా బెంచీ కింద ఉంది. కాసేపటికి కింద నుంచి ఒక చెయ్యి వచ్చి, పళ్లెంలోంచి ఒక గింజ తీసుకుని లోపలికి పోయింది. కసురుదామని నోరు తెరిచి, ట్రైనింగు గుర్తొచ్చి మూసుకున్నాను. కళ్లు పెద్దవి చేయకుండా ఉండాలంటే నాకు ఒకటే దారి, గోడ వైపు చూడటం. గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. మళ్లీ ఆ చెయ్యి వచ్చి పళ్లెం అంచున ఏదో పెట్టింది.

తెల్లటి బియ్యపు గింజ. ముక్కు విరగలేదు, కొస విరగలేదు, గోరు గీత కూడా లేదు.

ఇంకోటి తీసుకుంది. ఇంకోటి. మేమిద్దరం ఒక్క మాట లేకుండా ఒలుస్తూ కూర్చున్నాం. కాసేపయ్యాక ఆమె వైపు ఒక చిన్న కుప్ప, నా వైపు ఆరో ఏడో గింజలు. పిల్ల బెంచీ కింద నుంచి తల బయటపెట్టి, నా గింజలను వేలితో ఒక్కొక్కటే జరిపి చూసి, మూడింటిని పక్కకు నెట్టింది.

"నూక," అంది.

ఆమె నోటి నుంచి నేను విన్న మొదటి మాట అదే. సంతోషించాలి నిజానికి. నాకు ఒళ్లు మండింది.

"ఏంది నూక? జరంత కొసే గద పోయింది."

"నూక."

"దేవునికి తెల్వదులే."

ఆ పిల్ల నన్ను చూసిన చూపుకు మూడూ తీసి కొంగున ముడి వేసుకున్నాను. ఇంటికి తీసుకుపోయి ఉప్మాలో వేశాను.

మరునాడు టీచరమ్మ వచ్చేసరికి మేమిద్దరం ఒలుస్తున్నాం. పిల్ల బెంచీ కింద నుంచి బయటికి వచ్చి, గోడకు వీపు ఆనించి చాప మీదే కూర్చుంది. టీచరమ్మ గుమ్మంలోనే ఆగిపోయి గొంతు తగ్గించింది.

"పెద్దమ్మా, ఎంతసేపటిసంది గిట్ల కూసున్నది?"

"గంట మోగింది. మళ్ల గూడ మోగింది."

"రెండు పీరియడ్లా! నాతోని అయిదు నిమిషాలు కూసోదు. ఏంది పెద్దమ్మా ఇవి?"

చెప్పాను. ఆమె చెప్పులు బయట విడిచి వచ్చి మా పక్కన కూర్చోబోతూ ఆగింది. "నేను ముట్టొచ్చునా?"

ఒక్క రెప్పపాటు ఆలోచించాను, అబద్ధం చెప్పను. "కాళ్లు చేతులు కడుక్కొని రా. ఎవరికైన అదే రూలు," అన్నాను. పోయి కడుక్కుని వచ్చింది. అరిగిన సబ్బు ముక్కలన్నీ కలిపి నేను ముద్ద చేసి పెట్టిన సబ్బు కూడా వాడింది. ఒక గింజ తీసుకుని బొటనవేలి గోటితో నొక్కి, చూపుడువేలితో మెల్లగా తిప్పింది. పిల్ల దాన్ని అందుకుని, వెలుతురుకు పట్టుకుని చూసి, మంచి కుప్పలో వేసింది.

"మొదటి గింజే పాసయిన పెద్దమ్మా!"

"ఆ, ఏదో తగిలింది."

"గాజుల దుకాణంల పుట్టినోళ్లం. పగలకుండ పట్టుకునుడు మాకు చిన్నప్పటిసంది అలవాటే."

నా నూకల వైపు మాత్రం ఆమె చూడలేదు. మంచి పిల్ల.

అప్పటి నుంచి ఇద్దరం కలిసి ఒక ఏర్పాటు చేశాం. పళ్లేన్ని వారానికి కొంచెం జరిపాం. మొదట చాప మీద, తర్వాత బెంచీ మీద, తర్వాత మా గది గుమ్మం దగ్గర. చివరికి ఒక రోజు పళ్లెం మూడో తరగతి గదిలో ఆఖరి వరుసకు చేరింది. పళ్లెం వెనకాల పిల్ల కూడా చేరింది. వీపు గోడకు, పళ్లెం ఒడిలో, పక్కన కింద నేను. లెక్కలు చెబుతున్నంతసేపు ఒలిచేది. ఒలుస్తూనే వినేది. ఒక రోజు లెక్కల సారు ఎక్కం అడిగితే, తల ఎత్తకుండా జవాబు చెప్పి మళ్లీ గింజలో పడింది. పిల్లలు కూడా ఆమె వెనక్కి పోకూడదని, ముందు నుంచే రావాలని నేర్చుకున్నారు. నేర్పింది నేనే. కళ్లు పెద్దవి చేయకుండా నేర్పానని మాత్రం చెప్పలేను.

చిక్కల్లా గోళ్లతోనే వచ్చింది. ఏ గోళ్లు తీసేయమని హెడ్మాస్టరు గారు నాకు అప్పగించారో, ఆ గోళ్లే పిల్లను తరగతిలో కూర్చోబెడుతున్నాయి. తీసేస్తే పళ్లెం లేదు. పళ్లెం లేకపోతే మళ్లీ బెంచీ కింద, ఆ తర్వాత మంచం కోడు.

"హెడ్మాస్టరు సారుకు చెప్పేద్దాం పెద్దమ్మా," అనేది టీచరమ్మ.

"ఏమని చెప్తవు? బడి పిల్లతోని ఆయమ్మ తన ఇంటి వడ్లు ఒలిపించుకుంటున్నదనా?" అనేదాన్ని. అది నిజం కాదు. అబద్ధం కూడా కాదు. అందుకే చెప్పడానికి నోరు రాలేదు.

మొదటిసారి ఆయన అడిగింది శుక్రవారం.

"గోళ్లు తీసేశారా పెద్దమ్మగారూ?"

"ఇయ్యాల శుక్రారం సారూ. ఆడపిల్ల గోళ్లు తీయరాదు."

ఆయనకూ తెలిసిన సంగతే గనుక తల ఊపారు. శనివారం కూడా మా వైపు తీయరు. ఆదివారం సెలవు. సోమవారం అడిగారు.

"ఇయ్యాల అమాస సారూ."

మంగళవారం ఆయనే అడగలేదు. బుధవారం ఎదురుపడ్డారు.

"ఇయ్యాల ఆ పిల్ల పుట్టినరోజు సారూ. పుట్టిననాడు గోళ్లు తీస్తే ఆయుష్షు తక్కువంటరు."

"అయ్యో, తీయకండి తీయకండి," అన్నారు. అంత మంచివాడికి అబద్ధం చెప్పినందుకు ఆ పూట నాకు అన్నం సహించలేదు. గురువారం మళ్లీ అడిగితే, దూరపు చుట్టం పోయాడని, మా ఇంట్లో మైల అని చెప్పాను.

"మీ ఇంట్లో మైలకూ ఆ పిల్ల గోళ్లకూ ఏం సంబంధమండీ?"

"కట్టర్ పట్టేది నేనే గద సారూ."

తర్వాతి నెల మళ్లీ పుట్టినరోజు అన్నాను, మరిచిపోయి.

"మొన్ననే కదండీ పుట్టినరోజన్నారు?"

"అది తిథి ప్రకారం సారూ. ఇది తారీకు ప్రకారం."

ఆ రోజు ఆయన తన గదిలోకి వెళ్లి క్యాలెండర్ దించుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నారు. సాయంత్రం నన్ను పిలిచారు.

"వచ్చే గురువారం. అమావాస్య కాదు, ఏకాదశి కాదు, ఏ గ్రహణమూ లేదు, నేను చూశాను. ఆ రోజు మీరు తీయకపోతే నేనే వచ్చి తీస్తాను. ఎవరో ఒకళ్ల కంటికి గోరు తగిలేదాకా ఆగుతామా అండీ? ఆ పిల్లని నేను బడిలో ఉంచాలంటే ఆ గోళ్లు ఉండకూడదు."

ఆయన చెప్పినదీ న్యాయమే. అదే నాకు కష్టంగా ఉంది.

అప్పటికి ఒంటిపూట బడులు మొదలయ్యాయి. నవమి దగ్గర పడింది. సోలన్నరలో ఇంకా అరసోలెడు మిగిలింది. గురువారం పొద్దున్నే నేను నెయిల్ కట్టర్ ఇంట్లో మరిచిపోయాను. అంటే, మరిచిపోవాలని నిర్ణయించుకుని మరిచిపోయాను.

రెండో పీరియడ్. మూడో తరగతి గదిలో లెక్కల సారు గుణకారాలు చెబుతున్నారు. పిల్ల గోడవారన కూర్చుని ఒలుస్తోంది. గోరు నొప్పి పుట్టినట్టుంది, పళ్లెం నేల మీద పెట్టి వేళ్లు విదిలించుకుంటోంది. అప్పుడు హెడ్మాస్టరు గారు పక్క తలుపులోంచి గబగబా వచ్చారు. చేతిలో సొంత నెయిల్ కట్టర్. చూపు నా మీద. కాలు పళ్లెం మీద.

స్టీలు పళ్లెం నేల మీద గిర్రున తిరిగిన చప్పుడు బడంతా వినబడి ఉంటుంది. వడ్లు, బియ్యం, పొట్టు గది అంతా చిమ్మాయి. మూడో తరగతి మొత్తం, ఎవరూ చెప్పకుండానే, చేతులు రెండూ వెనక్కి దాచుకుంది.

పిల్ల లేచింది. రెండు నెలలుగా కట్టర్ చూడని పది గోళ్లు. ఒక్క అంగలో పోయి ఆయన మణికట్టు పట్టుకుంది. నాకు ఆ క్షణంలో ఆమె తల్లి తువ్వాలు కళ్ల ముందు కనబడింది. కేక వేయబోతూ లేచాను.

రక్కలేదు. పట్టుకుని కిందికి లాగింది. ఆయన ఇస్త్రీ ప్యాంటుతో నేల మీద చతికిలబడ్డారు. ఆమె ఒక వడ్లగింజ ఏరి ఆయన అరచేతిలో పెట్టింది. తర్వాత ఆయన మొహంలోకి చూస్తూ కూర్చుంది.

ఆయన నా వైపు చూశారు. "ఏంటండీ ఇది?"

"ఒలవాలె సారూ," అన్నాను.

ఆయన నెయిల్ కట్టర్ పక్కన పెట్టి, రెండు గోళ్లతో గింజను నలిపారు. పిల్ల అందుకుని చూసింది.

"నూక."

ఇంకోటి పెట్టింది. పెదవి కొరుకుతూ ఒలిచారు.

"నూక."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మూడోది ఆయన చాలాసేపు ఒలిచారు. నుదుటి మీద చెమట కూడా పట్టింది. పిల్ల దాన్ని వెలుతురుకు పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, ఏమీ అనకుండా పళ్లెంలో వేసింది.

"వచ్చిందండీ!" అన్నారాయన, మార్కులు వచ్చిన పిల్లవాడి మాదిరి తరగతి అందరి వైపూ చూసి. ఆ తర్వాతే, "ఇంతకీ ఎందుకండీ ఇవి?" అని అడిగారు.

ఇక దాచి లాభం లేదు. "భద్రాచలం రామయ్య పెండ్లి తలంబ్రాలు సారూ."

ఆయన మొహం తెల్లబోయింది. తన కాళ్ల వైపు చూసుకున్నారు. బాటా చెప్పులు. ఒక్క ఉదుటున లేచి, వాటిని విప్పి వరండాలోకి విసిరేసి, లెంపలు వేసుకున్నారు.

"చెప్పు కాలితో తన్నానండీ! తలంబ్రాలని! ముందే ఒక్క మాట చెప్పొచ్చు కదండీ పెద్దమ్మగారూ! రెండు నెలల నుంచి అమావాస్య, పుట్టినరోజు అంటారు గానీ! ఇప్పుడేం చేయాలండీ?"

తరగతి అంతా నా వైపు చూసింది. దేవుడి పని, న్యాయం నేనే చెప్పాలి. కాలు తగిలిన బియ్యం పెళ్లికి పంపలేం. అరసోలెడు వడ్లు పారేయడానికి నాకు చెయ్యి రాదు. ఆలోచించి చెప్పాను.

"ఒలిచిన గింజలు పెండ్లికి పనికిరావు సారూ. ఒలవనివి ఏం కాలేదు. పైన పొట్టు ఉన్నది గద. కాలు తగిలింది పొట్టుకు, గింజకు గాదు."

"అంతేనంటారా?"

"అంతే. కవరుల ఉన్న సామానుకు దుమ్ము అంటుతదా?"

టీచరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, ఎప్పుడు వచ్చిందో. పమిటతో నోరు మూసుకుంది.

హెడ్మాస్టరు గారు చేతులు కడుక్కుని వచ్చి మళ్లీ నేల మీద కూర్చున్నారు. మూడో తరగతి పిల్లలంతా బోరింగు దగ్గర వరుసలో నిలబడి కడుక్కుని వచ్చి ఏరారు. ముప్పై మంది పిల్లలు ఆ పిల్ల చుట్టూ మోకాళ్ల మీద తిరుగుతున్నారు. ఆమె గోడకు ఆనుకుని పళ్లెం పట్టుకుంది. ఒక్కొక్కరే ముందు నుంచి వచ్చి గింజలు పోసి పోయారు. ఎవరినీ రక్కలేదు. మట్టిబెడ్డ తెచ్చిన ఒకడిని మాత్రం వెనక్కి పంపింది. ఆ రోజు ఒలిచిన గుప్పెడు బియ్యం మా ఇంట్లో పరమాన్నమై మరునాడు వాళ్లందరికీ తలో చెంచా వచ్చింది. చెంచా అంటే చిన్న చెంచానే.

హెడ్మాస్టరు గారు నెయిల్ కట్టర్ జేబులో వేసుకున్నారు. మధ్యాహ్నం తల్లి తీసుకుపోవడానికి వచ్చినప్పుడు ఆయనే ఎదురు వెళ్లారు.

"మీ అమ్మాయి తరగతిలోనే ఉంటుందండీ. జూన్లో నాలుగులో కూడా గోడవారన చోటు ఉంచుతాం. గోళ్లు నవమి దాకా ఉంచుకోనివ్వండి. దేవుడి పని."

ఆమెకు సగమే అర్థమైంది. నా వైపు తిరిగింది. విషయం చెబితే, కూతురి తల మీద చెయ్యి పెట్టి, "ఇంట్ల పప్పుల రాళ్లు ఏరమంటే ఏరదు! రామయ్య పెండ్లికి పని చేస్తున్నదా?" అని నవ్వింది. ఆమె నవ్వగా చూడటం నాకు అదే మొదటిసారి. కంట్లో నీళ్లు మాత్రం మిరపకాయల మీదికి తోసింది.

నవమికి అయిదు రోజుల ముందే, పరమాన్నానికి పోయిన గుప్పెడు తప్ప, ఒలిచిన బియ్యమంతా అప్పగించాను. ఎదురింటామె నా సంచిలో చెయ్యి పెట్టి కెలికి చూసింది. ఒక్క నూక దొరకలేదు. "అన్నీ నువ్వే ఒలిచినవా వదినా?" అని అడిగింది. దేవుడి బియ్యం ముందు అబద్ధం ఆడలేక నిజం చెప్పాను. "నాది గుప్పెడు. మిగిలింది మా బడిల ఒక పిల్లది." ఆమె నమ్మలేదు. నేను గొప్పలకు పోకుండా మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు.

నవమి అయిన తర్వాత బుధవారం నేను బడికి వెళ్లేసరికి, పిల్ల గేటు దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి రెండు చేతులూ చాపింది. నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. గోడవారన కూర్చోబెట్టి, పాత పేపరు పరిచి, ఒక్కొక్క గోరే తీశాను. కదలలేదు. తొమ్మిది అయ్యాయి. కుడి బొటనవేలు దగ్గరికి వచ్చేసరికి పిడికిలి మూసుకుంది.

"ఏందే? ఇదొక్కటే గద మిగిలింది."

"వచ్చే ఏడుకు," అంది.

"గోరు పెరగదానే పిచ్చిదానా?"

"ఉండనీ ఆయమ్మా. మళ్ల కావాలంటే ఎక్కడ తెస్తం?"

నేను నెయిల్ కట్టర్ మడిచి పక్కన పెట్టాను. ఆ మాటకు ఎదురు చెప్పే హక్కు ఈ ఊళ్లో ఎవరికైనా ఉందేమో గానీ, నాకు లేదు. లేచి వెళ్లి, బొడ్లోంచి తాళంచెవి తీసి, ట్రంకు పెట్టె తెరిచి, తెల్ల కుందేలును తెచ్చి ఆమె ఒడిలో పెట్టాను.

కవరు మాత్రం విప్పనివ్వలేదు.